పోస్టులో వచ్చిన సీసా.. అందులో ఏముందో ఎవరికెరుక?

2021 మే నెల గుర్తుందా? నెల్లూరు జిల్లా కృష్ణపట్నం పేరు రాత్రికి రాత్రి దేశమంతా మోగిపోయింది. ఆనందయ్య మందు కోసం వేలమంది వచ్చిపడ్డారు. అంబులెన్సుల్లో ఆక్సిజన్ పెట్టుకుని మరీ వచ్చినవాళ్లున్నారు. కంట్లో చుక్కలు పడగానే ఊపిరి తిరిగొచ్చిందని ఓ పెద్దాయన చెప్పిన వీడియో ఫోన్లన్నీ చుట్టేసింది. కొద్దిరోజులకే ఆయన ఆసుపత్రిలో చనిపోయారు. ఆ వార్త మాత్రం వీడియో అంత దూరం వెళ్లలేదు.

మే 31న రాష్ట్ర ప్రభుత్వం నోటితో తీసుకునే మందులకు అనుమతిచ్చింది, కంటి చుక్కలకు ఇవ్వలేదు. హాని ఉన్నట్టు కనిపించలేదు, అలాగని కరోనా తగ్గుతుందనడానికి రుజువూ లేదు. నివేదికల సారం అంతే.

కృష్ణపట్నం ఉన్న ముత్తుకూరుకు పక్క మండలమే మా తోటపల్లి గూడూరు. అటు కోడూరు బీచ్, మధ్యలో బకింగ్‌హామ్ కాలువ, ఇటు వరిచేలు, ఇప్పుడైతే రొయ్యల గుంటలు. 2021లో జరిగింది చూసి 'ఇదంతా వాట్సాప్ పిచ్చి' అన్నవాళ్లు చాలామంది. కానీ ఫోన్ లేని రోజుల్లో, సరిగ్గా నూరేళ్ల కిందట, ఈ తీరం పల్లెలకు ఇలాంటి మందులే వచ్చేవి. అప్పుడూ 'నాకు తగ్గింది' అనే సాక్షులుండేవాళ్లు. అప్పుడూ లోపల ఏముందో చెప్పేవాళ్లు కాదు. తేడా ఒక్కటే, అప్పుడు మందు పోస్టులో వచ్చేది.

ముందు వంటింట్లో ఏముండేది?

1910 ప్రాంతంలో ఇక్కడి ఒక మామూలు ఇల్లు ఊహించుకోండి. డాక్టరు కావాలంటే నెల్లూరు వెళ్లాలి. ఎడ్లబండి కట్టాలి, ఒక రోజు పని పోవాలి, చేతిలో డబ్బుండాలి. అందుకే ముందు తెరిచేది పోపులపెట్టె.

దగ్గుకు మిరియాల కషాయం. కడుపు ఉబ్బరానికి వాము. అజీర్తికి శొంఠి. దెబ్బకు పసుపు. విరేచనం కాకపోతే ఆముదం. జ్వరానికి నేలవేము, తిప్పతీగ. పసిబిడ్డకైతే సానరాయి మీద వసకొమ్ము, కరక్కాయ, జాజికాయ, మాచికాయ తలా రెండు సుట్లు అరగదీసి, తల్లిపాలలో రంగరించి నాలుక మీద రాసేవాళ్లు. ఎన్ని సుట్లు తిప్పాలన్నది అవ్వ చెప్పే లెక్క. కాస్త చదువుకున్న ఇళ్లలో 'వస్తుగుణదీపిక' పుస్తకం ఉండేది, ఏ ఆకు ఏ గుణమో అందులో చూసుకునేవాళ్లు.

ఇవన్నీ పనిచేసేవా? కొన్ని చేసేవి. ఆముదం పనిచేస్తుందని ఎవరూ మనకు రుజువు చేయక్కర్లేదు! వాములో ఉండే థైమాల్ క్రిముల్ని చంపుతుందని ఇప్పుడు తెలుసు. కొన్ని పనిచేసేవి కావు. కలరా వస్తే వాము ఆపలేదు, మశూచికి పసుపు వేపాకు ఆపలేదు. కొన్ని ప్రమాదం కూడా. పిల్లలకు మాటలొస్తాయని పెట్టే వసలో బీటా-అసరోన్ అనే పదార్థం ఉంటుంది. వసను ఆహారంలో కలపకూడదని అమెరికా 1968లోనే నిషేధించింది.

అయినా ఆ వైద్యంలో ఒక మంచి ఉంది. ఏం వేస్తున్నారో అందరికీ కనిపించేది. పక్కింటావిడ వచ్చి 'ఏందమ్మా, బిడ్డకు అంత మిరియం పోస్తావా, నోరు మండదూ?' అని ఆపగలిగేది. మందు పేరు, దినుసు, మోతాదు, మూడూ వాడంతా తెలిసిన విషయాలే.

పేటెంట్ మందు వచ్చి సరిగ్గా దీన్నే మార్చేసింది.

ఇక్కడ ఒక సరదా సంగతి. ముద్ద కర్పూరం, వాంపువ్వు, పిప్పరమెంటు పువ్వు, ఈ మూడూ గట్టి పలుకులే. సమానంగా తీసుకుని ఒక సీసాలో వేసి మూత పెట్టండి. చుక్క నీళ్లు పోయకపోయినా కాసేపటికి మూడూ కరిగి నూనెలా అయిపోతాయి. కలిస్తే కరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, అంతే. ఇలా తయారయ్యే మందును పండిత ఠాకూర్ దత్త శర్మ 1901లో లాహోరులో 'అమృతధార' అని పేరు పెట్టి అమ్మారు. కడుపునొప్పి దగ్గర్నుంచి తేలుకాటు దాకా అన్నింటికీ అదే మందు! పచారీ కొట్లో దొరికే మూడు దినుసులు సీసాలోకి వెళ్లి, పేరు పెట్టుకుని, ధర పెంచుకుని తిరిగొచ్చాయి.

క్యాష్ ఆన్ డెలివరీ, 1877 మోడల్

ఈ సీసాలు తోటపల్లి గూడూరు లాంటి పల్లెకు ఎలా చేరేవి? షాపు లేదు, ఏజెంటు లేడు. ఒక కార్డు ముక్క చాలు.

1877లో మన తపాలా శాఖ వాల్యూ పేయబుల్ పోస్టు మొదలుపెట్టింది. జనం నోట్లో అది వీపీపీ. కార్డు మీద చిరునామా రాసి పంపితే పార్సిల్ వస్తుంది, పోస్టుమ్యాన్ చేతిలో డబ్బు పెట్టి తీసుకోవాలి. ఇవాళ్టి క్యాష్ ఆన్ డెలివరీకి తాత అన్నమాట. కాకపోతే ఓపెన్ బాక్స్ డెలివరీ లేదు, రిటర్నూ లేదు. 1899లో మద్రాసు-బెజవాడ రైలుమార్గం నెల్లూరు మీదుగా పూర్తయ్యాక మద్రాసు సీసా నెల్లూరుకు చేరడం తేలికైంది. అక్కడ్నుంచి బండి, పడవ, కాలినడక.

చిరునామా ఎక్కడ దొరికేది? పంచాంగం అట్టల మీద, వారపత్రిక వెనక పేజీల్లో. ఊళ్లో చదవడం వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఒకరు చదువుతుంటే పదిమంది వినేవాళ్లు. యుద్ధం వార్త, ధరలు, కథ, చివర్లో 'నరముల బలహీనతకు' మందు. వినేవాళ్లకు అన్నీ ఒకే గొంతులో వినిపించేవి. మనకు ఫీడ్‌లో వార్తకూ ప్రకటనకూ మధ్య గీత కనపడనట్టే.

అన్నట్టు, పోస్టాఫీసులో నిజమైన మందు కూడా దొరికేది. మలేరియాకు క్వినైన్ పొట్లాలు బెంగాల్‌లో 1892 నుంచి పోస్టాఫీసుల్లోనే అమ్మారు, పొట్లం పైసా. లోపల ఏముందో తెలిసిన మందు అది. కాకపోతే పచ్చి చేదు, పైగా రంగురంగుల కాగితం లేదు.

పేటెంట్ లేని పేటెంట్ మందు

అసలు ఆ పేరే పెద్ద అబద్ధం. పేటెంట్ కావాలంటే తయారీ విధానం ప్రభుత్వానికి రాసివ్వాలి, అది అందరూ చదువుకోవచ్చు. ఈ మందుల వ్యాపారమంతా చెప్పకపోవడం మీదే నడిచింది. బ్రిటన్‌లో ఎప్పుడో రాజుగారి అనుమతి పత్రంతో అమ్మిన మందులకు వచ్చిన పేరు, తర్వాత ప్రతి రహస్య మందుకూ అతుక్కుపోయింది.

ఆ రహస్యం విలువెంతో 1909లో బయటపడింది. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ పేరున్న మందులన్నీ కొని ప్రయోగశాలలో పరీక్షించి 'సీక్రెట్ రెమెడీస్' అని పుస్తకం వేసింది. ప్రపంచమంతా అమ్ముడయ్యే బీచమ్ గుళికల్లో దొరికినవేంటో తెలుసా? ముసాంబరం, శొంఠి, సబ్బు. 56 గుళికల పెట్టె ధర షిల్లింగ్ పెన్నీన్నర. అందులో దినుసుల ఖర్చు అర ఫార్దింగ్. ఫార్దింగ్ అంటే పెన్నీలో నాలుగో వంతు, అందులో సగం!

ముసాంబరం, శొంఠి మన అవ్వల డబ్బాలో ఉన్నవే. అవే ఓడెక్కి వచ్చి, ఇంగ్లిష్ అక్షరాలు తొడుక్కుని మన దగ్గరే డబ్బులు పిండాయి. కొత్తగా చేరింది సబ్బొక్కటే.

తలనొప్పి డబ్బుతో తెలుగు పత్రిక

ఇంతవరకూ చదివి 'అంతా మోసమే' అనుకోకండి. కథలో ఇక్కడో పెద్ద మలుపుంది.

కాశీనాథుని నాగేశ్వరరావు. కృష్ణా జిల్లా మనిషి, 1867లో పుట్టారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మొదట్లో సంగీత కచేరీల్లో ఉచితంగా పంచేవారట. ఇప్పటి భాషలో ఫ్రీ శాంపిల్. గంటల తరబడి కూర్చుని వినే సభలో తలనొప్పి ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు కదా, గొప్ప బుర్ర!

ఆ పసుపుపచ్చ డబ్బా సంపాదించిన డబ్బుతో ఆయన 1908లో బొంబాయి నుంచే 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా తెచ్చారు. 1914లో మకాం మద్రాసుకు మార్చి దాన్ని దినపత్రిక చేశారు. 1924లో 'భారతి' మాసపత్రిక. 1926లో ఆంధ్ర గ్రంథమాల. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్న శ్రీబాగ్ ఆయన ఇల్లే. అందుకే దాన్ని శ్రీబాగ్ ఒడంబడిక అంటాం. తెలుగువాళ్ల వార్తలు, సాహిత్యం, రాష్ట్రం కోసం రాజకీయం, వీటన్నింటి వెనకా కొంత తలనొప్పి డబ్బుంది.

మరి ఆ బామ్ పనిచేస్తుందా? ఇలాంటి బాముల్లో ఉండేది కర్పూరం, మెంథాల్, గంధపూర తైలం లాంటివి. మెంథాల్ చర్మంలో చల్లదనాన్ని పట్టే నరాల్ని తట్టి లేపుతుంది, మెదడు నొప్పి మీదినుంచి ధ్యాస మళ్లించుకుంటుంది. జబ్బును నయం చేయదు, బాధను తగ్గిస్తుంది. తలనొప్పికి రాసుకోమన్నారు, తలనొప్పి కాస్త తగ్గింది. చెప్పినంతే చేసింది కాబట్టే నూటముప్పై ఏళ్లు దాటినా షాపులో ఉందని నా నమ్మకం.

హైదరాబాద్ వైపు ఇలాంటిదే జిందా తిలిస్మాత్. 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేశారు. యూకలిప్టస్ తైలం, కర్పూరం, మెంథాల్, థైమాల్. రెండేళ్ల ముందు, 1918లో ఇన్‌ఫ్లూయెంజా వచ్చి దేశంలో కోటిమందికి పైగా పోయారు. జలుబు, దగ్గు అంటేనే జనం వణికిపోయే రోజులవి. అలాంటప్పుడు చిన్న సీసా ఎంత ధైర్యమో కరోనా చూసిన మనకు వేరే చెప్పాలా?

ఆడవాళ్ల సీసా, బంగారు కంకణం

నాకు వీటన్నింటిలో ఎక్కువ ఆసక్తి కలిగించింది 'లోధ్ర'.

దీన్ని తెచ్చిన డాక్టర్ కె.ఎన్. కేసరి 1875లో ఒంగోలు దగ్గర ఇనమనమెళ్ళూరులో పుట్టారు. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి మన జిల్లా మనిషే. బీదరికంలో పెరిగి, చిన్నతనంలోనే మద్రాసు చేరి, వైద్యం నేర్చి, కేసరి కుటీరం స్థాపించారు. ఆ కథంతా 'చిన్ననాటి ముచ్చట్లు'లో ఆయనే రాసుకున్నారు. లోధ్ర అంటే లొద్దుగ చెట్టు. ఆడవాళ్ల అధిక రక్తస్రావానికి ఆయుర్వేదం చెప్పే చెట్టు అది. సీసా మీద పేరు అదే.

ఇది పోస్టులో వచ్చే మందు కావడంలోనే దాని బలముంది. ఆలోచించండి. 1920ల్లో తోటపల్లి గూడూరు వైపు పల్లెలో ఒక కోడలికి నెలసరి ఆగకుండా అవుతోంది. అత్తకు చెప్పాలంటే భయం, మగ వైద్యుడికి చెప్పాలంటే సిగ్గు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ల ఆడవాళ్ల ఆసుపత్రి ఉంది, లేడీ డాక్టర్లున్నారు. కానీ అక్కడికెళ్తే ఊరంతా తెలుస్తుంది. మిషన్ ఆసుపత్రంటే మతం మారుస్తారన్న అనుమానం ఒకటి. అలాంటప్పుడు కాగితంలో చుట్టి వచ్చే సీసా ఎవరినీ ప్రశ్నలడగదు. గౌరవంగా, గుట్టుగా వస్తుంది.

ఆ గుట్టే ఇబ్బంది కూడా. రక్తస్రావానికి వంద కారణాలుంటాయి. గర్భసంచిలో గడ్డ కావచ్చు, పుండు కావచ్చు, క్యాన్సర్ కావచ్చు. సీసా వాటిలో దేన్నీ చూడలేదు. తగ్గినవాళ్లు ఉత్తరం రాశారు, ఆ ఉత్తరం ప్రకటన అయింది. తగ్గనివాళ్లు ఉత్తరం రాయలేదు. ప్రశంసాపత్రాల లెక్క ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, అప్పుడైనా, 2021 వీడియోలోనైనా.

మరోవైపు, లోధ్ర డబ్బుతో కేసరి 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టారు. ఆడవాళ్లు చదవడానికే కాదు, రాయడానికి కూడా. 1934 నుంచి మంచి రచయిత్రులకు గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇచ్చారు. మొదటిది కనుపర్తి వరలక్ష్మమ్మకు. తర్వాతి రోజుల్లో అందుకున్నవాళ్లలో మన పొణకా కనకమ్మ ఒకరు. పొట్లపూడి కోడలు, బడిమొహం చూడకుండా ఇంట్లోనే చదువు నేర్చుకుని, 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టిన మనిషి.

అంటే ఏంటి? పేరు చెప్పడానికి సిగ్గుపడ్డ జబ్బుకు ఆడవాళ్లు గుట్టుగా పంపిన డబ్బు, చుట్టూ తిరిగి ఇంకో ఆడమనిషి ముంజేతికి నలుగురి మధ్య కంకణమైంది. ఇందులో మంచెంత, చెడెంత అని తూకం వేయమంటే నావల్ల కాదు. నాగేశ్వరరావు బామ్ దగ్గర నా తీర్పు సులువు. ఇక్కడ కాదు.

పేరులేని సుఖం

తూకం వేయక్కర్లేని మందులూ బోలెడున్నాయి. జామ్‌నగర్ నుంచి వచ్చే ఆతంక నిగ్రహ గుళికలు దేశంలోని చాలా భాషల పత్రికల్లో కనిపించేవి. ధాతుపుష్టి, వీర్యవృద్ధి, యౌవనం తిరిగిరావడం. ముందు జబ్బు ఉందని నమ్మించి తర్వాత మందు అమ్మేవాళ్లు ఇలాంటివాళ్లు. ఇరవై ఏళ్ల కుర్రాడికి లేని బలహీనత అంటగట్టి జేబు ఖాళీ చేసే రీల్స్ ఇప్పుడు మీ ఫోన్లో లేవా? ప్రకటన రాసే పద్ధతి కూడా పెద్దగా మారలేదు.

ఇంకా ఘోరం పిల్లల మందుల్లో జరిగింది. అమెరికాలో మిసెస్ విన్‌స్లోస్ సూతింగ్ సిరప్ తాగిస్తే ఏడ్చే బిడ్డ వెంటనే నిద్రపోయేది, ఎందుకంటే అందులో మార్ఫిన్ ఉంది. కొందరు బిడ్డలు లేవలేదు. కలరాకూ విరేచనాలకూ మన దేశంలో దొరల ఇళ్లన్నింటా ఉండే క్లోరోడైన్‌లో నల్లమందు, క్లోరోఫామ్, గంజాయి సారం కలిసేవి. సీసా ఎక్కని నల్లమందును కూడా మన దేశంలో చాలాచోట్ల పసిపిల్లల్ని పడుకోబెట్టడానికి వాడేవాళ్లు. తల్లి కూలికి వెళ్లాలి, బిడ్డ నిద్రపోవాలి. ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

గ్రైప్ వాటర్ సంగతి మరీ వింత. 1851లో ఇంగ్లండులో విలియం వుడ్‌వర్డ్ తయారుచేశాడు. మొదటి రకంలో సోపులాంటి గింజల నూనె, సోడా ఉప్పు, పంచదారతో పాటు 3.6 శాతం ఆల్కహాల్ ఉండేది. బిడ్డ ఏడుపు మానిందంటే మానదూ మరి! బ్రిటన్‌లో ఆ ఆల్కహాల్ తీసేయడానికి 1992 దాకా పట్టింది.

ఆల్కహాల్ అంటే గుర్తొచ్చింది. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు, 1948కి అది మద్రాసు రాష్ట్రమంతటికీ వచ్చింది. అప్పుడు మన వైపు జనానికి జింజరు టించర్ మీద, టానిక్కుల మీద హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. కడుపునొప్పి లేనివాళ్లు కూడా కడుపునొప్పి మందు తాగేవాళ్లు.

మరి ఎవరూ అడగలేదా?

అడగాల్సింది పత్రికలు. కానీ పత్రికల్ని బతికించేది మందుల ప్రకటనలే, కొన్ని పత్రికలకైతే యజమానులే మందులవాళ్లు. అన్నం పెట్టే చేతిని 'ఈ సీసాలో ఏముంది?' అని ఎవరు అడుగుతారు?

గాంధీజీ అడిగారు. తన పత్రికల్లో ప్రకటనలే వేసుకోలేదు. మగతనం మందుల అశ్లీల ప్రకటనల మీద 'హరిజన్'లో ఘాటుగా రాశారు. 1921లో ఆయన ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమం మనకు ఎంతో దూరం కాదు, పెన్న ఒడ్డునే. అయితే గాంధీజీ ఇంగ్లిష్ డాక్టర్లనీ నమ్మలేదు కాబట్టి, ఆ మాటల్ని చాలామంది వైద్యుడి మాటగా కాక మహాత్ముడి పట్టుదలగా చూశారు.

1930లో ప్రభుత్వం కల్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఔషధ విచారణ కమిటీ వేసింది. దేశంలో మందుల మీద అదుపు లేదని, కల్తీ, నాసిరకం మందులు, రహస్య మందులు వరదలా వచ్చి పడుతున్నాయని 1931లో నివేదిక వచ్చింది. చట్టం రావడానికి ఇంకో తొమ్మిదేళ్లు. 1940లో డ్రగ్స్ చట్టం చేశారు. గమనించారా, మన దేశంలో ట్రేడ్‌మార్కుల చట్టం వచ్చింది కూడా ఆ సంవత్సరమే. సీసా మీద పేరు దొంగిలించకుండా కాపాడే చట్టం, సీసా తాగేవాడిని కాపాడే చట్టం, రెండూ ఒకే ఏడాది పుట్టాయి.

అయితే 1940 చట్టంలో ఆయుర్వేద, యునానీ మందులు లేవు. 1964లో సవరణ చేసి వాటిని చేర్చారు. ఈలోగా 1954లో ఇంకో చట్టం వచ్చింది, పేరే భలేగా ఉంటుంది: డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. గర్భం తీయడం, మగతనం పెంచడం, నెలసరి దోషాలు సరిచేయడం, ఇంకా ఒక జాబితాలోని జబ్బులు నయం చేస్తామనడం, వీటికి ప్రకటనలు ఇవ్వకూడదు. మందు అమ్మొచ్చు, అలా చాటింపు వేయకూడదు. అంటే 1930ల నాటి పత్రికల్లో ఏ పేజీ తిప్పినా కనిపించే ప్రకటనల్లో సగం ఇవాళ నేరం.

నేరమే, కాగితం మీద. 2024లో సుప్రీంకోర్టు పతంజలి ప్రకటనల కేసులో గట్టిగా పట్టుకుంటే, ఆ కంపెనీ పత్రికల్లో క్షమాపణ ప్రకటన వేయాల్సి వచ్చింది. ఒక్క కంపెనీని పట్టడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం దిగిరావాల్సి వస్తే, ఫోన్లో రోజూ పుట్టే వేల రీల్స్‌ని ఏ ఇన్‌స్పెక్టరు పట్టాలి?

మీ ఇంట్లో డబ్బా తీసి చూడండి

ఇప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. మీ ఇంట్లో ఉన్న బామో, టానిక్కో, చూర్ణమో తీసి వెనక చిన్న అక్షరాలు ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదవండి. 'ఆయుర్వేద ప్రొప్రైటరీ మెడిసిన్' అని ఉంటుంది. పాత పేటెంట్ మందుకు ఇవాళ్టి చట్టబద్ధమైన పేరు అదే. కాకపోతే ఇప్పుడు దినుసుల పేర్లు రాయాల్సిందే, తయారీదారు లైసెన్సు నంబరు వేయాల్సిందే. 1910లో మీ ముత్తవ్వకు లేని వెసులుబాటు ఇది. ఆ రెండూ లేని సీసా ఎవరు ఫార్వర్డ్ చేసినా, ఎన్ని లైకులున్నా, పక్కన పెట్టేయండి.

చదివేటప్పుడు కర్పూరం అన్న మాట కనిపిస్తే మాత్రం కాస్త ఆగండి. పెద్దవాళ్లకు పైన రాసుకోవడానికి ఇబ్బంది లేదు. పసిబిడ్డ కడుపులోకి కొంచెం వెళ్లినా ఫిట్స్ వస్తాయి, అదీ నిమిషాల్లోనే. అందుకే అమెరికాలో పైన రాసే మందుల్లో 11 శాతం మించకూడదని 1980ల్లోనే హద్దు పెట్టారు. మన దగ్గర ఇప్పటికీ జలుబు చేసిన బిడ్డ ముక్కు కింద బామ్ రాసేవాళ్లున్నారు, కర్పూరం గుడ్డలో కట్టి ఉయ్యాలకు వేలాడదీసేవాళ్లున్నారు. రెండేళ్లలోపు పిల్లలకు ఈ రెండూ వద్దు. ముక్కు బిగిస్తే రెండు చుక్కల ఉప్పునీటి సెలైన్ డ్రాప్స్ చాలు, మెడికల్ షాపులో దొరుకుతాయి. ఎప్పుడైనా బిడ్డ బామో, కర్పూరం బిళ్లో మింగిందని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. డబ్బా చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. లోపల ఏముందో డాక్టరుకు ఆ డబ్బాయే చెబుతుంది.